రాయిలో దాచిన మంట

మామిడి సీజన్ మొదలైతే చాలు, పండ్ల మార్కెట్లలో తనిఖీల వార్తలు పత్రికల్లో వరస కడతాయి. కాయల మధ్య కుక్కిన చిన్న చిన్న కాగితపు పొట్లాలను అధికారులు పట్టుకుంటారు. విప్పి చూస్తే బూడిద రంగు రాతిముక్కలు. వెల్లుల్లి లాంటి ఘాటైన వాసన. అదే కాల్షియం కార్బైడ్. మార్కెట్‌లో దీన్ని వాడటం నేరం. వెల్డింగ్ సామాను అమ్మే కొట్లో మాత్రం ఇది మామూలు సరుకు. పచ్చికాయను పసుపు రంగుకు తిప్పేదీ, ఇనుమును నీళ్లలా కరిగించేదీ ఒకే రాయి ఎలా అయింది?

రెండు చోట్లా రాయి చేసే పని ఒక్కటే. తడి తగిలితే ఒక వాయువును వదులుతుంది. మార్కెట్‌లో కాయల చెమ్మే ఆ తడి. ఆ వాయువు పేరు ఎసిటిలీన్. రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, అంతే. హైడ్రోకార్బన్లలో ఇంత చిన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఇంత చిన్న అణువు సముద్రంలో లైట్‌హౌస్‌లు వెలిగించింది, బెటాడిన్ సీసాలోకి వచ్చింది, ఒక జపాన్ ఊరిని విషమయం చేసింది. ఇన్ని పనులు దాని చేత చేయించింది దాని లోపలి బిగువే.

అల్యూమినియం కోసం పోతే

ఎసిటిలీన్‌ను 1836లోనే రసాయనవేత్త ఎడ్మండ్ డేవీ గుర్తించాడు. 1862లో జర్మన్ రసాయనవేత్త వోలర్ కార్బైడ్ చేసి, దాని మీద నీళ్లు పోసి ఈ వాయువును రాబట్టాడు. అయినా అది ప్రయోగశాల దాటి బయటకు రాలేదు. అసలు కథ 1892లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్ప్రే అనే చిన్న ఊళ్లో మొదలైంది. థామస్ విల్సన్ అనే కెనడా యువకుడు అక్కడ విద్యుత్ కొలిమి పెట్టుకుని, అల్యూమినియంను చవగ్గా తీయాలని కుస్తీ పడుతున్నాడు. ముందు కాల్షియం లోహం చేసుకుంటే దాంతో అల్యూమినియం రాబట్టవచ్చని అతని లెక్క. సున్నాన్నీ తారునూ కలిపి కొలిమిలో వేశాడు. చివరికి మిగిలింది పెళుసైన నల్లటి ముద్ద.

నీళ్లలో వేస్తే ముద్ద బుసబుసమంటూ వాయువు వదిలింది. కాల్షియం నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ రావాలి, అది మసి లేకుండా మండాలి. ఈ వాయువును వెలిగిస్తే మాత్రం దట్టంగా మసి కక్కింది. మసి వచ్చిందంటే అందులో కార్బన్ ఉన్నట్టే. కోరుకున్న లోహం రాలేదు గానీ ప్రపంచంలో ఎవరూ టన్నుల లెక్కన చేయని ఒక పదార్థాన్ని చేసే దారి విల్సన్‌కు దొరికింది. అదే ఏడాది పారిస్‌లో రసాయనవేత్త మొయిసాన్ కూడా విడిగా ఇదే చేశాడు.

కార్బైడ్ వ్యాపారం కోసం 1898లో అమెరికాలో ఒక కంపెనీ పుట్టింది. పేరు యూనియన్ కార్బైడ్. 1984లో భోపాల్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీ నుంచి లీకైన వాయువు వేరు. కానీ ఆ పేరులోని కార్బైడ్ మాత్రం ఈ రాయే.

ఎక్కుపెట్టిన విల్లు

కార్బన్ పరమాణువుకు నాలుగు బంధాలు కావాలి. ఎసిటిలీన్‌లో దానికి దొరికేది ఒక్క హైడ్రోజన్. మిగతా మూడు బంధాలనూ పక్కనున్న కార్బన్‌తోనే కలుపుకోవాలి. రెండు పరమాణువుల మధ్య ఇరుకులో మూడు జతల ఎలక్ట్రాన్లు పడి ఉండాలి. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి. అందుకే ఈ అణువు ఎప్పుడూ ఎక్కుపెట్టిన విల్లు లాంటిది. విల్లు ఊరికే ఎక్కదు, ఎవరో ఒకరు బలం పెట్టి లాగాలి. ఆ లాగుడు జరిగింది కొలిమిలో. సున్నమూ కోక్ బొగ్గూ రెండు వేల డిగ్రీలకు పైన కాగితే తప్ప కార్బైడ్ కాదు. టన్ను కార్బైడ్‌కు మూడు వేల యూనిట్ల దాకా కరెంటు ఖర్చవుతుంది. అందులో కొంత భాగం రాయిలో నిల్వ ఉండిపోతుంది. దాని మీద పడిన నీళ్లు చేసే పనల్లా ఆ నిల్వను వాయువుగా బయటికి తేవడమే.

మిగతా ఇంధనాలకూ దీనికీ తేడా ఇక్కడే. వంటగ్యాస్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. ఎసిటిలీన్‌కు ఒత్తిడి పెరిగితే చాలు, గాలి లేకపోయినా పేలుతుంది. ఎవరితోనూ కలవకుండా తనలో తానే కార్బన్‌గా, హైడ్రోజన్‌గా విడిపోతూ వేడి విరజిమ్ముతుంది. దీన్నే అదుపులో జరిపిస్తే అతి సన్నని, విద్యుత్‌ను బాగా ప్రసరింపజేసే మసి మిగులుతుంది. ఎసిటిలీన్ బ్లాక్ అంటారు. టార్చిలైటు బ్యాటరీల్లోనూ, లిథియం బ్యాటరీల్లోనూ కరెంటు పారేందుకు కలిపే నల్లపొడుల్లో ఇదొకటి.

గాలితో కలిస్తే ఇంకా ప్రమాదం. ఎల్‌పీజీ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ఎసిటిలీన్ విషయంలో ఆ హద్దులు సుమారు 2.5 నుంచి 80 శాతం దాకా. అంటే దాదాపు ఎంత కలిసినా పేలుడు మిశ్రమమే. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో పిల్లలు పీవీసీ పైపుల్లో కార్బైడ్ ముక్కలు, నీళ్లు వేసి లైటర్‌తో పేల్చిన 'కార్బైడ్ గన్'ల వల్ల చాలామంది కళ్లు దెబ్బతిన్నాయి. పేలుడు ధాటి ఒక్కటే కారణం కాదు. కార్బైడ్ నీళ్లతో కలిశాక మిగిలేది తడి సున్నం. అది కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొరను కాల్చేస్తుంది. కోతులను తోలడానికి పొలాల్లో ఇలాంటివి వాడేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి.

వంటగ్యాస్‌కు చేతకాని పని

వెల్డింగ్ షాపులో కాసేపు నిలబడితే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. ఎల్‌పీజీ చవక, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. పాత ఇనుము కొట్లలో దాంతోనే ఆక్సిజన్ కలిపి లారీ ఛాసిస్‌లు కోస్తారు. మరి అతకడానికి మాత్రం ఎసిటిలీన్ ఎందుకు?

మొత్తం వేడి లెక్క తీస్తే గెలిచేది ఎల్‌పీజీయే. అందులోని ప్రొపేన్ ఒక అణువు కాలితే వచ్చే వేడి, ఎసిటిలీన్ అణువు ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. కానీ ఆ వేడిని పంచుకునేవాళ్లు ఎందరో చూడాలి. ప్రొపేన్ కాలాక మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు, నాలుగు నీటి అణువులు మిగులుతాయి. మొత్తం ఏడు. వచ్చిన వేడితో ఈ ఏడింటినీ కాచాలి. ఎసిటిలీన్ కాలితే రెండు కార్బన్ డయాక్సైడ్, ఒక్క నీటి అణువు. మూడే. తలా ఒక వాటా వేస్తే ఎసిటిలీన్ మంటలో ఒక్కో అణువుకు దాదాపు నలభై శాతం ఎక్కువ వేడి దక్కుతుంది. మంట ఎంత వేడిగా ఉందన్నది ఈ తలసరి వాటాను బట్టే తేలుతుంది. అందుకే ఆక్సిజన్‌తో ప్రొపేన్ మంట 2,800 డిగ్రీల దగ్గర ఆగితే, ఎసిటిలీన్ మంట 3,100 డిగ్రీలు దాటుతుంది. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలు కదా అంటారేమో. ఉక్కు పలకకు వేడి తగిలిన చోటి నుంచి అది నాలుగు పక్కలకూ పారిపోతూ ఉంటుంది. పారిపోయేదానికంటే వేగంగా పోస్తేనే ఒక్కచోట గుంట కట్టినట్టు లోహం కరుగుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం, చాలామంది గమనించనిది. టార్చ్ కొసన సన్నగా తెల్లగా మెరిసే మొన ఉంటుంది చూడండి, అక్కడ ఎసిటిలీన్, ఆక్సిజన్ సమపాళ్లలో కలుస్తాయి. పూర్తిగా కాలడానికి ఆ ఆక్సిజన్ చాలదు. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ తయారవుతాయి. ఈ రెండూ ఆక్సిజన్ కోసం వెతుక్కుంటూ చుట్టూ ఉన్న గాలిలోంచి లాక్కుంటాయి. బయట నీలంగా కనిపించే పెద్ద మంట అదే. దాని లోపల కరుగుతున్న ఉక్కుకు ఆక్సిజన్ చేరదు, తుప్పు పుట్టదు, అతుకు శుభ్రంగా పడుతుంది. ప్రొపేన్ మంటలో నీటి ఆవిరి ఎక్కువ, మంట సరిగ్గా నిలవాలంటే ఆక్సిజన్ కూడా ఎక్కువ పట్టాలి. కరిగిన ఉక్కుకు ఆ వాతావరణం పడదు.

కోతకు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. ఉక్కు ఎర్రగా కాలాక దాని మీద స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ధారగా వదిలితే ఇనుమే ఇంధనంలా మండి, ఆ చీలిక ముందుకు సాగుతుంది. మంట పనల్లా ముందు వేడెక్కించడం వరకే. అది వంటగ్యాస్ కూడా చేయగలదు.

ఇక ఫ్యాక్టరీల్లో గేరు చక్రాల పళ్లు గట్టిపడటానికి ఎసిటిలీన్‌ను మంట లేకుండానే వాడతారు. గాలి తీసేసిన కొలిమిలో, తొమ్మిది వందల డిగ్రీలకు పైన ఎర్రగా కాలే ఉక్కు మీదికి కొద్ది కొద్దిగా వదిలితే, లోహాన్ని తాకగానే అణువు విరిగి కార్బన్ ఉక్కు పైపొరలోకి ఇంకుతుంది. పై పొర అరగనంత గట్టిగా తయారవుతుంది, లోపలి భాగం విరగకుండా సాగే గుణంతో మిగులుతుంది.

బాక్స్: సిలిండర్‌లో ఏముంది?

ఒత్తితే పేలే వాయువును సిలిండర్లో ఎలా నింపారు? మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్‌ను ఊపితే ఖాళీ డొల్లలా ఉండదు. లోపలంతా సన్నని రంధ్రాలున్న గట్టి పదార్థం నిండి ఉంటుంది. దానికి అసిటోన్ పట్టించి ఉంటారు. అసిటోన్ ఎసిటిలీన్‌ను విపరీతంగా కరిగించుకుంటుంది. మామూలు ఒత్తిడిలో తన పరిమాణానికి పాతిక రెట్లు, 12 రెట్ల ఒత్తిడిలో సుమారు 300 రెట్లు. కరిగి ఉన్న అణువులు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఎక్కడైనా ఒకటి విరిగినా, ఆ వేడిని సన్న రంధ్రాల గోడలు లాగేసుకుని మంట పాకకుండా ఆపుతాయి. షాపుల్లో డీఏ గ్యాస్ అనేది ఈ కరిగిన ఎసిటిలీన్‌నే.

సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచమనేది ఇందుకే. పడుకోబెడితే గ్యాస్‌తోపాటు అసిటోన్ బయటికొస్తుంది. రెగ్యులేటర్ దాటి వచ్చే గ్యాస్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటకూడదు. ఆ పైన అది మళ్లీ ఎక్కుపెట్టిన విల్లే. ఇంకోటి: ఈ గ్యాస్ దారిలో రాగి గొట్టం పెట్టకూడదు. రాగితో కలిసి ఇది తట్టితే పేలే పదార్థంగా మారుతుంది.

ఈ సిలిండర్‌ను నమ్మదగినదిగా చేసినవాళ్లలో ముఖ్యుడు స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలెన్. మనుషులెవరూ లేని దీవుల్లో లైట్‌హౌస్‌లకు ఎసిటిలీన్ దీపాలు పెట్టి, పగలైతే వాటంతటవే ఆరి చీకటి పడితే వెలిగే కవాటం కనిపెట్టాడు. నల్లరంగు పూసిన కడ్డీ ఎండకు వ్యాకోచించి గ్యాస్‌ను ఆపేస్తుంది, అంతే ఆ యంత్రాంగం. 1912లో ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది సిలిండర్ల పరీక్షలో జరిగిన పేలుడులో ఆయన రెండు కళ్లూ పోయాయి. బహుమతి అందుకోవడానికి కళ్ల డాక్టరైన ఆయన సోదరుడు వెళ్లాడు. డాలెన్ మాత్రం చూపు లేకుండానే చనిపోయేదాకా, అంటే 1937 దాకా, కంపెనీ నడిపాడు.

మామిడికి రాగి కబురు

కాయ తనంతట తాను పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఎసిటిలీన్‌కు దగ్గరి చుట్టం, రెండు హైడ్రోజన్లు ఎక్కువ. కణాల్లో ఇథిలీన్‌ను పట్టుకునే ప్రొటీన్లు ఉంటాయి. ప్రతి ప్రొటీన్ నడుమ ఒక రాగి పరమాణువు ఉంటుంది. ఇథిలీన్ వెళ్లి ఆ రాగికి అతుక్కోగానే పిండి చక్కెరగా మారడం, తొక్క రంగు తిరగడం, గుజ్జు మెత్తబడటం వరసగా మొదలవుతాయి.

వెల్డింగ్ గొట్టంలో రాగిని వదలని ఎసిటిలీన్, మామిడికాయలో మాత్రం ఎందుకు వదులుతుంది? ఆ రాగిని పట్టుకుంటుంది, కణం దాన్ని ఇథిలీన్ అనుకుని మోసపోతుంది. కాకపోతే పట్టు అంత గట్టిది కాదు. ఇథిలీన్ చేసే పనికి ఎసిటిలీన్ వందల రెట్లు ఎక్కువ కావాలి. అందుకే వ్యాపారులు కార్బైడ్‌ను ధారాళంగా వేస్తారు. పొట్లం పెట్టడానికి గది అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, కాయ చెమ్మే చాలు. లేత కాయను కూడా రంగు తిప్పేస్తుంది. తొక్క పసుపు, లోపల పులుపు. కొన్నాక తెలిసే మోసం అది.

విషం సంగతి ఎసిటిలీన్‌ది కాదు, రాయిది. పరిశ్రమ కోసం చేసే కార్బైడ్‌లో ఫాస్ఫరస్, ఆర్సెనిక్ మలినాలు మిగిలి ఉంటాయి. తడి తగిలితే అవి ఫాస్ఫీన్, ఆర్సీన్ అనే విషవాయువులవుతాయి. ఆ వెల్లుల్లి వాసన వాటిదే. స్వచ్ఛమైన ఎసిటిలీన్‌కు అంత వాసన ఉండదు. వెల్డరు ఆ వాయువులను మంటలో కాల్చేస్తాడు. కాయలు సర్దే కూలీ పీలుస్తాడు, కాయ తొక్క మీద పొడి మిగులుతుంది. మన దేశంలో 2011 ఆహార భద్రతా నిబంధనలు కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ వ్యవహారాన్ని విచారణకు చేపట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నిలదీసింది. 2016లో పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్ల వరకు ఇథిలీన్ వాడటానికి అనుమతి వచ్చింది. చల్లని గదిలో, కొలిచిన మోతాదులో కాయకు దాని సొంత వాయువునే ఇవ్వడం అన్నమాట. అమ్మమ్మలు వరిగడ్డిలో మాగేసినప్పుడు జరిగేదీ అదే. కాయ విడిచిన ఇథిలీన్‌ను గడ్డి బయటికి పోనివ్వదు.

మినమాత

ఎసిటిలీన్‌తో వెలిగే దీపాలకు బదులు కరెంటు దీపాలు వచ్చాక కార్బైడ్ కొలిములు ఏం చేయాలి? రసాయన పరిశ్రమ జవాబు చెప్పింది. ఎక్కుపెట్టిన బంధానికి ఏది తగిలించినా అతుక్కుంటుంది కాబట్టి కొత్త పదార్థాలు చేయడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు. నీటిని తగిలిస్తే ఎసిటాల్డిహైడ్, దాని నుంచి వెనిగర్‌లోని ఆమ్లం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలిస్తే పీవీసీకి ముడిసరుకు. కానీ నీరు అతుక్కోవాలంటే ఆ బంధాన్ని పట్టి వంచే ఉత్ప్రేరకం కావాలి. 1881లో రష్యాలో రసాయనవేత్త కుచెరోవ్‌కు అలాంటి ఉత్ప్రేరకంగా దొరికింది పాదరసం.

జపాన్‌లోని మినమాత ఊళ్లో జల విద్యుత్ చవకగా దొరకడంతో 1908లో కార్బైడ్ ఫ్యాక్టరీ వెలిసింది. చిస్సో అని తర్వాత ప్రసిద్ధమైన ఆ కంపెనీ 1932 నుంచి పాదరసంతో ఎసిటాల్డిహైడ్ చేసింది. ఆ తొట్లలో కొంత పాదరసం మిథైల్ పాదరసంగా మారి మురుగుతోపాటు సముద్రంలోకి పోయింది. చిన్న చేపల్లో చేరి, వాటిని తిన్న పెద్ద చేపల్లో పోగుపడి, చివరికి మనుషుల మెదడుకు ఎక్కింది. ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి సముద్రంలో పడ్డాయి. 1956 మే నెలలో ఆస్పత్రి నుంచి అధికారులకు మొదటి సమాచారం వెళ్లింది. ఫ్యాక్టరీలో ఆ తయారీ ఆగింది 1968లో. పన్నెండేళ్లు ఆలస్యం. రెండు వేల మందికి పైగా బాధితులను ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. కారణం తెలియక జరిగిన ఆలస్యమని దీన్ని సమర్థించడం కష్టం. కంపెనీ డాక్టరు 1959లోనే ఫ్యాక్టరీ మురుగు కలిపిన తిండి పెట్టిన పిల్లికి అదే జబ్బు రావడం చూశాడు. ఆ ఫలితం బయటికి రాలేదు.

సన్న గొట్టాల్లో రసాయనం

ఒత్తిడి పెట్టకూడదన్న నియమాన్ని ధిక్కరించినవాడు జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయనవేత్త వాల్టర్ రెప్పె. 1930లలో ఆయన సిలిండర్‌లోని కిటుకునే ఫ్యాక్టరీకి తెచ్చాడు. పెద్ద గొట్టం లోపల సన్న గొట్టాలు కిక్కిరిసేలా పెడితే, పేలుడు మొదలైనా గోడలు వేడి లాగేసి ఆర్పేస్తాయి. అలా ఎసిటిలీన్‌ను ఒత్తిడిలో పెట్టి పని చేయించుకునే వీలు దొరికింది.

ఆ దారిలో పుట్టినవి ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి. ఎసిటిలీన్‌కు ఫార్మాల్డిహైడ్ తగిలించి చేసే బ్యూటేన్‌డయాల్ నుంచి స్పాండెక్స్ దారం వస్తుంది. లెగ్గింగ్స్, సాక్సుల పట్టీలు సాగడం దాని చలవే. అదే వరసలో మరికాస్త ముందుకు వెళితే పోవిడోన్. అయోడిన్‌ను పట్టి ఉంచి నెమ్మదిగా వదిలేది బెటాడిన్‌లో ఇదే. మాత్ర పొడిపొడి కాకుండా పట్టి ఉంచే జిగురుగా కూడా దీన్ని వాడతారు కాబట్టి హైదరాబాదు మందుల ఫ్యాక్టరీలకు ఇది నిత్యావసర సరుకు.

వాయువునే గొలుసుకట్టుగా అతికిస్తే ఏమవుతుందో 1967లో టోక్యోలో తేలింది. జపాన్ రసాయనవేత్త షిరకావా పనిచేసే ప్రయోగశాలలో ఒకరు ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువ వేస్తే నల్లపొడికి బదులు వెండిలా మెరిసే పొర తేలింది. 1977లో షిరకావా అమెరికాలో మెక్‌డయర్మిడ్, హీగర్ అనే శాస్త్రవేత్తలతో కలిసి దానికి అయోడిన్ పట్టిస్తే ప్లాస్టిక్ లోహంలా కరెంటును పారనిచ్చింది. ముగ్గురికీ 2000లో నోబెల్ వచ్చింది.

కరెంటు బిల్లు

ఇన్ని చేసినా పెద్ద పరిశ్రమల్లో ఎసిటిలీన్ ఓడిపోయింది. ఓడించింది ఇథిలీనే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెట్రోలియం చవకగా దొరకడంతో నాఫ్తాను ఎనిమిది వందల డిగ్రీలకు కాచి విరిచి ఇథిలీన్ తీయడం కార్బైడ్ కొలిమి కంటే ఎంతో చవకైంది. ఇథిలీన్‌లో బిగువు తక్కువ, కాబట్టి ప్రమాదమూ తక్కువ, ఖర్చూ తక్కువ. పీవీసీ, ఎసిటాల్డిహైడ్ అన్నీ దాని వైపు మళ్లాయి. బిగువే కావలసిన చోట, అంటే వెల్డింగ్ మంటలో, గేరు కొలిమిలో, రెప్పె గొట్టాల్లో, ఎసిటిలీన్ నిలిచింది.

ఒక్క చైనా మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ నూనె తక్కువ, బొగ్గు ఎక్కువ. అందుకే పీవీసీలో ఎక్కువ భాగం ఇప్పటికీ కార్బైడ్ ఎసిటిలీన్ నుంచే వస్తుంది. దానికి ఉత్ప్రేరకం మళ్లీ పాదరసమే. ప్రపంచంలో పరిశ్రమలు వాడే పాదరసంలో పెద్ద వాటా ఈ ఒక్క పనికే పోతోంది. 2013లో మినమాత పేరుతోనే కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఈ వాడకాన్ని తగ్గించమంటోంది. మన దేశం దిగుమతి చేసుకునే పీవీసీలో చైనా వాటా పెద్దది కాబట్టి, బోరుబావిలో దించే పైపుకు కూడా ఈ గొడవతో సంబంధం ఉండవచ్చు.

పాదరసానికి బదులేమిటో 1980లలోనే బ్రిటిష్ రసాయనవేత్త గ్రాహమ్ హచింగ్స్ చెప్పాడు. బంగారం. అప్పట్లో బంగారం దేనితోనూ కలవని జడపదార్థమని అందరి నమ్మకం కాబట్టి మొదట నమ్మినవాళ్లు తక్కువ. కార్బన్ గుళికల మీద బరువులో ఒక శాతంలోపు బంగారం పట్టిస్తే పని జరుగుతుందని తేలాక, జాన్సన్ మాథీ కంపెనీ ఆ ఉత్ప్రేరకాన్ని చైనా ఫ్యాక్టరీలకు అమ్మడం మొదలుపెట్టింది. పాదరసం తొట్టి పక్కన బంగారం తొట్టి పెట్టాలంటే మొదట పెట్టుబడి కావాలి. చైనాలో పీవీసీ ధర పడిపోయిన ఏడాది ఆ పెట్టుబడి పెట్టేందుకు ఎవరూ ముందుకు రారు.